వెనక సీటు బరువు

పులుసులో ఉప్పెక్కువైందని మా అత్తగారు శ్యామలాంబగారు గిన్నె పక్కకి నెట్టేసినప్పుడు, నేను వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని ఒక మోటార్‌సైకిల్ కంపెనీ బలాలు రాస్తున్నాను. నిడదవోలులో మా షోరూము ఆ కంపెనీదే. అరవయ్యేళ్ళ పేరు. ఈమధ్య అమ్మకాలు పడిపోతుంటే, కారణాలు విశ్లేషించి రాజమండ్రి మీటింగులో చెప్పమని డీలర్లని అడిగారు. "ఎంబీఏ చదివావుగా, రాయి. నువ్వే చెబుదువుగాని," అన్నారు మా ఆయన సత్యప్రసాద్. పెళ్ళయ్యాక నా చదువు ఆయనకి గుర్తు రావడం అదే మొదలు. షోరూములో కొత్త బండి అమ్మిన ప్రతిసారీ బొట్టుపెట్టి హారతివ్వడానికి మాత్రం గుర్తుంటాను. నా చెయ్యి మంచిదట.

మనసుపెట్టి రాశాను. ఇంజను మన్నిక, మైలేజీ, ఏ ఊళ్ళోనైనా దొరికే మెకానిక్కు, ఇవీ బలాలు. అన్నిటికంటే పైన, కంపెనీ గొప్పగా చెప్పుకునే మాట పెట్టాను: వెనక మనిషి కూర్చున్నా బరువు తెలియదు. బలహీనతల్లో ఒక పేజీ మాత్రం అచ్చంగా నాది. ఎలక్ట్రిక్ బళ్ళొచ్చాయని అందరూ భయపడుతున్నారు గానీ, అసలు చేజారింది వెనక సీటు మనిషి. ఆవిడ స్కూటర్ కొనుక్కుని వెళ్ళిపోయింది. అరవయ్యేళ్ళలో ఈ కంపెనీ ఆడదాని కోసం ఆలోచించిందల్లా చీర చక్రంలో పడకుండా అడ్డం పెట్టిన కమ్మీలు. ఆ పేజీ రాసిన రోజు నాకు కడుపు నిండినట్టయింది. మైకు ముందు ఏ చీర కట్టుకుని నిలబడాలో కూడా అనుకున్నాను.

తీరా రాజమండ్రిలో మీటింగు హాలు గుమ్మంలో "నువ్వు కంగారుపడతావు, నేను చెప్పేస్తాలే," అన్నారు మా ఆయన. నన్ను ఆడవాళ్ళ వరసలో కూర్చోబెట్టారు. నా మాటలన్నీ ఆయన గొంతులో విన్నాను. నా పేజీ రాలేదు. కంపెనీ తరఫున వచ్చినాయన "మరి లేడీస్ సంగతేంటండి?" అని అడిగితే, "మా గోదావరి ఆడవాళ్ళకి వెనక సీటు చాలండి," అన్నారు. హాలంతా నవ్వింది. నా పక్కనున్నావిడ కూడా నవ్వింది. ఏడుపొస్తుంటే మంచినీళ్ళు తాగాను.

బండి మీద తిరిగొచ్చేటప్పుడు కొవ్వూరు బంకులో ఆగాం. పెట్రోలు కొట్టిస్తుంటే ఆడవాళ్ళు దిగి ముందుకెళ్ళి నిలబడాలి కదా, నిలబడ్డాను. ఆయన చెవిలో బ్లూటూత్. ఎవరితోనో "అదిరిపోయిందిరా నా ప్రెజెంటేషన్," అంటూ బండి తీసి, నా ముందు నుంచే వెళ్ళిపోయారు.

"అయ్యో, ఫోన్ చెయ్యండమ్మా," అంది బంకులో ఆవిడ. ఫోను చేతిలోనే ఉంది. చెయ్యలేదు. ఎంత దూరం వెళ్ళాక తెలుస్తుందో చూద్దామనిపించింది.

ఇంటిదాకా వెళ్ళారట. గేటు దగ్గర అత్తగారు "సూర్యకళేదిరా?" అంటే అప్పుడు వెనక్కి చూసుకున్నారట. తిరిగొచ్చి, "నోరు లేదా, పిలవొచ్చుగా!" అని నామీదే విసుక్కున్నారు.

"నేను లేనని తెలియనే లేదా?" అన్నాను.

"మన బండి గొప్పతనమే అది కదా, వెనక ఉన్నా లేకపోయినా ఒకటే," అని నవ్వారు. "ఎక్కు. అమ్మ అన్నానికి చూస్తోంది."

రోడ్డవతల బస్సు ఆగి ఉంది. ఎక్కడానికి డబ్బులున్నాయి, దిగడానికి ఊరు లేదు. బండే ఎక్కి, ఒక పక్కకి కూర్చుని, కమ్మీల మీద చీర సర్దుకున్నాను.

వంటయ్యాక బలాల్లో, బరువు తెలియదన్న ఆ మొదటి వాక్యం తీసి బలహీనతల్లో పెడతాను. ఆ ఫైలు ఇంకెవరూ తెరవరు.