చెత్తకు వీసా అక్కర్లేదు

పులిసిన పాల వాసన.

ముందు అదే వస్తుంది. నొక్కి కట్టిన చెత్త బేలు చుట్టూ బిగించిన ఇనప తీగ తెగీ తెగగానే, ఠంగుమని మోగి వెనక్కి ఎగిరీ ఎగరగానే— ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలినట్టు... ఆ వాసన.

ఎవరో తాగి మిగిల్చిన పాలు. ఎక్కడో. ఏ వంటింట్లోనో.

షెడ్డు గుమ్మంలో నిలబడిన పిల్ల ముక్కు మూసుకోదు. అలవాటైపోయింది. బడికి వెళ్ళే దారిలో అమ్మకు క్యారేజీ ఇచ్చి పోవడం రోజూ ఆమె పనే. ఇచ్చాక పది నిమిషాలు ఆగుతుంది.

చదువుకోవడానికి.

పుస్తకాలు కాదు. బేలులోంచి రాలిపడే సీసాల మీది రాతలు. అక్షరాల నెత్తిన రెండు చుక్కలుంటే ఒక దేశం. చిన్న గొడుగుంటే ఇంకో దేశం. అక్షరం కిందికి తోక వేలాడితే మరో దేశం. నోటుబుక్కు వెనక పేజీల్లో ఇప్పటికి పద్దెనిమిది దేశాలు చేరాయి.

ఒక్క దేశానికీ ఆమె వెళ్ళలేదు.

అన్నీ ఆమె దగ్గరికే వచ్చాయి.

పదో తరగతి. బళ్ళో అందరూ ఆమెను అట్లాసు అంటారు. ఏ దేశం పక్కన ఏ దేశం ఉందో, ఏ నది ఏ సముద్రంలో కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. వెక్కిరింతగా పుట్టిన పేరే చివరికి అసలు పేరై కూర్చుంది.

అమ్మకు చదువు రాదు. కానీ అమ్మ చెవులకు వచ్చు. సీసాను ఒకసారి నొక్కుతుంది. కరకరమంటే ఒక కుప్ప. మెత్తగా మూలిగితే ఇంకో కుప్ప. పెళుక్కున విరిగితే మూడోది. కళ్ళు మూసుకుని కూడా ఏరగలదు. పన్నెండేళ్ళుగా ఏరుతూనే ఉంది.

లోపల వెండిపూత ఉన్న చిప్సు కవర్లు మాత్రం ఏ కుప్పకూ చెందవు. వాటిని ఎవరూ కొనరు. వాటిని షెడ్డు వెనక, కాలువ గట్టు మీద తగలబెడతారు.

ఆ పొగ నల్లగా ఉండదు. అదే దాని మోసం. లేత బూడిదరంగులో, వాన మబ్బు దారితప్పి కిందికి దిగినట్టు వస్తుంది. వచ్చి ఊళ్ళోనే కూర్చుంటుంది.

ఆరేసిన బట్టల్లో. తాగే నీళ్ళలో. అమ్మ ఛాతీలో.

దగ్గు తగ్గడం లేదని అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు డాక్టరు తలెత్తకుండానే అడిగాడు— "పొగ తాగుతావా?"

"నేను తాగట్లేదు సార్," అంది అమ్మ. "తాగిస్తున్నారు."

డాక్టరు నవ్వాడు. మందు రాసిచ్చాడు. ఆ నవ్వు గుర్తొస్తే అట్లాసుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

* * *

ఆరోజు భూగోళం టీచరు కొత్త పాఠం మొదలుపెట్టింది. చెత్త నిర్వహణలో ముందున్న దేశాలు. పుస్తకంలో బొమ్మ— పచ్చటి గడ్డి, నాలుగు రంగుల చెత్తబుట్టలు, పక్కన ఎర్రబుగ్గల పిల్లాడు. కింద వరుసగా దేశాల పేర్లు. మొదటి పేరు దగ్గరే అట్లాసు చూపు ఆగిపోయింది.

రెండు చుక్కల దేశం.

లేచి నిలబడింది. నిలబడాలని అనుకోలేదు. కాళ్ళే లేపాయి.

"టీచర్... ఆ మొదటి దేశం చెత్త ఇవాళ పొద్దున మా అమ్మ ఏరింది."

క్లాసంతా గొల్లుమంది.

టీచరు నవ్వలేదు. చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. కిటికీలోంచి కాలువ గట్టు వైపు ఒకసారి చూసింది. ఆమె ఇల్లూ అటువైపే. ఆమె బట్టలూ ఆ పొగలోనే ఆరతాయి.

"కూర్చో తల్లీ," అంది చివరికి. "నువ్వన్నది అబద్ధమని నేననను. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయి. మార్కులు దానికే పడతాయి."

అట్లాసు కూర్చుంది.

కూర్చుంది గానీ— లోపల ఏదో ఇంకా నిలబడే ఉంది.

ప్రపంచ పటం తెరిచింది. సముద్రాల మీద బాణాలు. ఎర్రవి వేడి ప్రవాహాలు, నీలివి చల్లటివి. గాలులకు బాణాలు. పక్షుల వలసలకు బాణాలు. ఇన్నిన్ని బాణాలు గీసినవాళ్ళు, బేళ్ళు మోసుకొచ్చే ఓడలకు ఒక్క బాణమైనా ఎందుకు గీయలేదు?

బల్లపరుపు కాగితం మీదికి గుండ్రటి భూమిని సాగదీస్తే ఉత్తరాన ఉన్న దేశాలు ఉబ్బుతాయని టీచరే ఒకసారి చెప్పింది. నడుము దగ్గర, భూమధ్యరేఖ చుట్టుపక్కల ఉన్నవి చిక్కిపోతాయట. కాగితం మీద కూడానా! కాగితం మీద కూడా మనమే ఒదిగి కూర్చోవాలా?

అక్కడ అర్ధరాత్రి వేళకు ఎవరో చెత్తబుట్టకు మూత వేసి, చేతులు కడుక్కుని, పడుకుంటారు. ఇక్కడ తెల్లారుతుంది. అమ్మ ఆ మూత తీస్తుంది.

అంతే తేడా. కాలమండలాల పాఠం అంతా అంతే.

వాళ్ళతోనే ఉండే పిన్ని ఆ దేశానికే వెళ్ళాలనుకుంది. అక్కడి ముసలివాళ్ళకు సేవ చేసే పని. మూడుసార్లు దరఖాస్తు పెట్టింది. మూడుసార్లూ కాదన్నారు. వేలిముద్రలు తీసుకున్నారు, కంటిపాప ఫోటో తీసుకున్నారు, "తిరిగి వెళ్ళిపోతావని రుజువేంటి?" అని అడిగారు.

సీసాలను ఎవరూ అడగలేదు. చిప్సు కవర్లను ఎవరూ అడగలేదు. తిరిగి వెళ్ళిపోతారా అని... ఎవరూ.

మనిషికి వీసా కావాలి. చెత్తకు అక్కర్లేదు.

* * *

ఆ నెలాఖరులో షెడ్డుకు రంగులేశారు.

ఆ దేశం నుంచే పెద్దవాళ్ళు వస్తున్నారు. షెడ్డు బాగుందంటే ఆకుపచ్చ ముద్ర వేస్తారు. ముద్ర ఉంటే బేళ్ళు ఇంకా వస్తాయి. మూడు రోజుల ముందే గట్టు మీద మంట ఆపేశారు. పూలకుండీలు అద్దెకు తెచ్చారు. ఆడవాళ్ళందరికీ మూతికి గుడ్డలు, చేతులకు తొడుగులు పంచారు— పన్నెండేళ్ళలో మొదటిసారి.

"ఇవి తొడుక్కుని నొక్కుతుంటే సీసా ఏమంటోందో తెలిసి చావట్లేదు," అంది అమ్మ. ఆడవాళ్ళంతా నవ్వారు.

వచ్చినవాళ్ళకు ఇంగ్లీషులో స్వాగతం చెప్పడానికి బడి నుంచి ఒక పిల్ల కావాలన్నారు. టీచరు అట్లాసును పంపింది. ఎందుకు పంపిందో ఆమెకే తెలియాలి.

సూపర్‌వైజరు ఒక కాగితం ఇచ్చాడు.

"ఉన్నది ఉన్నట్టు చదువమ్మా. ఒక ముక్క ఎక్కువొద్దు, ఒక ముక్క తక్కువొద్దు." నవ్వుతూనే అన్నాడు. "మీ అమ్మ ఇక్కడే పనిచేస్తోంది కదా... మంచి మనిషి."

ముగ్గురు వచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, నెరిసిన జుట్టుతో ఒక పొడవాటి ఆవిడ. ఆవిడ ముఖం నిజంగానే మంచిగా ఉంది. అదే కష్టమైంది. చెడ్డ ముఖమైతే కోపానికి దారి సులువు.

అట్లాసు మొదటి వాక్యం చదివింది. మా ఊరికి స్వాగతం.

రెండో వాక్యం— మా తల్లులు ఇక్కడ ఆరోగ్యంగా, ఆనందంగా పనిచేస్తున్నారు.

తలెత్తింది. వరుసలో నాలుగో మనిషి అమ్మ. కొత్త తెల్లటి మూతిగుడ్డ ఉబ్బుతోంది, లోపలికి పోతోంది. ఉబ్బుతోంది, పోతోంది. దగ్గును పళ్ళ మధ్య నొక్కిపట్టి నిలబడింది అమ్మ. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

కాగితం మడిచేసింది.

కుప్పలోంచి ఒక పాలడబ్బా అందుకుంది. దాని మీది ఊరి పేరు కూడబలుక్కుని చదివింది— రెండు చుక్కలతో సహా, తప్పు లేకుండా.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అయ్యో, అది మా పక్క ఊరే!" అని మిగతా ఇద్దరికీ చూపించింది. మేళాలో తప్పిపోయిన చుట్టం దొరికినంత సంబరం.

అప్పుడు అడిగింది అట్లాసు. ఇంగ్లీషులో.

"దీన్ని కడగడానికి మీ ఊళ్ళో నీళ్ళు లేవా? ఏరడానికి మీ ఊళ్ళో చేతులు లేవా? తగలబెట్టడానికి... మీ ఊళ్ళో ఆకాశం లేదా?"

పైన రేకు మీద కాకి నడుస్తున్న చప్పుడు.

ఆవిడ కళ్ళు చెమర్చాయి. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "ఎంత మంచి ప్రశ్న," అంది. పుస్తకంలో రాసుకుంది. పాలడబ్బా అలాగే పట్టుకోమని ఫోటో తీసుకుంది. వెళ్తూ వెళ్తూ కారు దగ్గర ఆగి మరీ అంది— "ఎప్పుడైనా మా దేశం రా. నువ్వు తప్పకుండా చూడాలి."

రా, అంది. తలుపు తట్టి వచ్చేయొచ్చన్నట్టు. రా, అంది.

కారు వెళ్ళిపోయింది. ఆకుపచ్చ ముద్ర వేసే వెళ్ళారు.

సాయంత్రం సూపర్‌వైజరు గోనెసంచి తెచ్చి తొడుగులన్నీ వెనక్కి తీసుకున్నాడు. మూతిగుడ్డలు కూడా. అమ్మ దగ్గర ఆగాడు.

"కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండమ్మా. ఒంట్లో బాగోలేదుగా. బాగయ్యాక కబురు చేస్తాంలే."

కబురు చేస్తాం. ఎంత మెత్తటి మాట. కత్తికి ఇంత మెత్తటి ఒర ఉంటుందని అట్లాసుకు ఆరోజే తెలిసింది.

మర్నాడు తెల్లవారకముందే గట్టు మీద మంట వేశారు. నాలుగు రోజుల బాకీ ఒక్క రోజే తీర్చుకున్నట్టు, పొగ.

* * *

ఒకటే గది. ఆ గదిలో ఆ సాయంత్రం ముగ్గురు ఆడవాళ్ళు.

మొదట పిన్నే బద్దలైంది.

"నోరుంది కదా అని ఎక్కడ పడితే అక్కడ పారేసుకోవడమేనా? ఇప్పుడేమైంది? మీ అమ్మ పని పోయింది. ఆవిడగారు ఫోటో తీసుకుని చక్కగా విమానమెక్కింది."

పిన్ని అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. తనేం సాధించింది? ఒక ఫోటో. ఆ ఫోటో ఏ పుస్తకంలోనో అచ్చవుతుంది. కింద ఏదో మంచి మాట రాస్తారు. తన కోపాన్ని కూడా ఏరి, కడిగి, కట్టకట్టి పట్టుకుపోయారు.

అమ్మ మాత్రం ఇంకేదో ఆలోచిస్తోంది.

"ఇంగ్లీషులో ఏదో అడిగావుగా," అంది. "అదేంటో మన మాటల్లో చెప్పవే."

చెప్పింది. నీళ్ళు. చేతులు. ఆకాశం.

"ఆకాశం లేదా అన్నావా!"

"ఆఁ."

అమ్మ నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది. పిన్ని నీళ్ళు తెచ్చిచ్చింది.

"వాళ్ళేమన్నారు?"

"మంచి ప్రశ్న అన్నారు."

"అది సరేలేవే. జవాబేం చెప్పారు?"

అప్పటిదాకా అట్లాసుకు అది తట్టనేలేదు.

"చెప్పలేదమ్మా."

"అయితే మళ్ళీ అడుగు."

అంత మామూలుగా అంది. ఉప్పు అయిపోయింది, తీసుకురా అన్నట్టు.

అని, నడుము దగ్గర దోపుకున్న చిన్న సంచి విప్పింది. అందులోంచి ఒక అట్టముక్క తీసింది. పార్సిలు పెట్టె మీది చీటీ. తడవకుండా పైన ప్లాస్టిక్ తొడుగు. మనిషి పేరు. ఇంటి నంబరు. వీధి. ఊరు. రెండు చుక్కలు.

"నిన్న పొద్దున కట్ట విప్పుతుంటే దొరికింది. ఎవరిదో చూడు."

ఒక ఆడమనిషి పేరు. మేడలో ఉంటుందో, ఒక గదిలో ఉంటుందో. కానీ ఉంది. ఇన్నాళ్ళూ దేశం అనుకున్నది, పటం మీద రంగు అనుకున్నది... పద్నాలుగో నంబరు ఇంట్లో ఉంది.

అట్లాసు కాగితం తీసింది. ఇంగ్లీషులో ప్రియమైన అని రాసింది. కొట్టేసింది. ప్రియం ఎక్కడిది? పలకరించకుండా మొదలుపెట్టబోయింది. చెయ్యి సాగలేదు.

"ఏమని పిలవాలమ్మా?"

"ఆ కట్టలో పసిపిల్లల పాలడబ్బాలే ఎక్కువ," అంది అమ్మ. "చంటిపిల్ల తల్లయ్యుంటుంది. నాకంటే చిన్నదే. నాకు చెల్లెలైతే నీకేమవుతుంది? పిన్నీ అని రాయి."

"పిన్నా!" అట్లాసు గొంతు లేచింది. "సొంత పిన్నయితే ఇలా పంపుతుందా? నీ ఛాతీలోకి? మన నీళ్ళలోకి?"

"వీసా లేకుండానే చుట్టరికం కలిపేసుకుందే!" అంది అసలు పిన్ని గోడవైపు తిరిగి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

అమ్మ తొణకలేదు.

"మూత వేస్తే అయిపోయిందనుకుని ఉంటుందే. తెలిసి చేసిందో, తెలియక చేసిందో— అడిగితేనేగా తేలేది."

"వాళ్ళకి పిన్ని అంటే అర్థం కాదమ్మా."

"కాకపోతే నేర్చుకుంటుంది. నువ్వు వాళ్ళ చుక్కలు నేర్చుకోలేదూ?"

అట్లాసుకు కోపం మాత్రం ఉంది. తగ్గలేదు. తగ్గించుకోవాలనీ లేదు. ఆ కోపంతోనే, కలం కాగితంలో దిగబడేలా, పిన్నీ అన్న మాటను వాళ్ళ అక్షరాల్లో రాసింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ.

రాసి ఆగింది.

బయట గట్టు మీద గాలి తిరిగింది. పిన్ని లేచి కిటికీ మూసేసింది. మూసినా వచ్చేది వస్తూనే ఉంది... సందుల్లోంచి, రేకుల్లోంచి, తలుపు కిందినుంచి.

అట్లాసు రెండో వాక్యం మొదలుపెట్టింది.

మీ కిటికీ తెరిస్తే— ఏ వాసన వస్తుంది?