తలకిందుల వెల్లుల్లి

హ్యూవన్ లోయలో చలికాలం ముంగిట యుద్ధవీరులను తలుచుకునే ఆన్జాక్ దినం దాటాక వెల్లుల్లి నాటేవాణ్ణి బద్ధకస్తుల కిందే జమ కడతారు. యాభై ఏళ్లలో క్లైవ్ ఆ మాట ఒక్కసారీ పడలేదు. ఈసారి కూడా తెల్లారగట్ల వీరుల స్మారకం దగ్గర పూలు పెట్టి వచ్చి, తండ్రి పతకాలున్న కోటు విప్పకుండానే పెరట్లోకి దిగాడు.

ముడతల రేకులతో నడుమెత్తు కట్టిన మడి అది. ఎండిన టమాటా మొక్కలు పీకి, గొర్రెల ఎరువు కలిపి, పెళ్లలు చేత్తోనే చిదిపి, వెల్లుల్లి రెబ్బలు నాటాడు. నిరుటి నుంచి క్లైవ్‌కు మతిమరుపు ముదురుతోంది. టీ కలుపుకుని ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటాడు. మనవరాలిని కూతురి పేరుతో పిలుస్తాడు. మట్టిలో మాత్రం ఆయన చెయ్యి తప్పలేదు. భార్య నోలీన్ ఆ ఒక్క ధైర్యంతోనే నెట్టుకొస్తోంది.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, మంచు పడకముందే మడి మీద ఎండిన బఠాణీ తీగల గడ్డి పరుద్దామని వెళ్లింది. ఒకచోట మట్టి జారి రెబ్బ బయటపడి ఉంది. మొన కిందికి, వేళ్లు రావాల్సిన అడుగు పైకి! పక్కది తవ్వి చూసింది. అదీ అంతే.

లేపి చెబితే మనిషి కుంగిపోతాడు. చెప్పకుండా వదిలేస్తే, ఎండాకాలంలో, క్రిస్మస్ ముందు వంకర గడ్డలు పీకేటప్పుడు ఆయనకే తెలిసిపోతుంది. నోలీన్ ఒక్కొక్క రెబ్బా తీసి, తిప్పి పెట్టింది. ఏడుపొస్తుంటే చలికి ముక్కు కారుతోందని తనకు తానే సర్దిచెప్పుకుంది. గడ్డి పరవడం అయ్యేసరికి వెనక దగ్గు వినిపించింది.

"ఏం చేస్తున్నావు పిల్లా?"

"పిల్లి గోకిపోయిందయ్యా. సర్దుతున్నా."

క్లైవ్ ఆమె గోళ్లలోని మట్టి చూశాడు.

"అన్నీ తిప్పాల్సొచ్చిందా?"

"కొన్నే."

"అబద్ధమాడటం నీకు ఇప్పటికీ రాదు." మడి అంచున చేతులానించాడు. "మన పెళ్లయిన ఏడాది మా అమ్మ మెప్పు కోసం మడంతా నువ్వే నాటావు, గుర్తుందా?"

"ఎందుకు లేదు! అంత లావు గడ్డలు తనకే పండలేదంది మీ అమ్మ."

"ఒక్కటీ తిన్నగా నాటలేదు నువ్వు. నువ్వు స్నానానికెళ్లగానే నేనొచ్చి తిప్పా."

"దొంగ సచ్చినోడా! యాభై ఏళ్లు కడుపులో దాచుకున్నావా?" నోలీన్ పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. ఎంత కాలమైందో వాళ్లిద్దరూ అలా నవ్వి.

"వచ్చే ఏడు కూడా నువ్వే నాటాలి. తిప్పడానికి నేనున్నా," అంది.

క్లైవ్ తలూపాడు. ఇంటి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఇదంతా మా అమ్మకు చెప్పకు, ఏం?"

అత్తగారు పోయి ఇరవై ఏళ్లు. ఆటపట్టిస్తున్నాడేమోనని నోలీన్ ఆయన కళ్లలోకి చూసింది. ఆటపట్టించడం కాదు.

"చెప్పనులే," అని మట్టిచేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుంది.