సీటులో లేము

ఆఫీసులో అందరికన్నా చిన్నదానికి పురిటి నొప్పులు మొదలయ్యాక కూడా సిస్టం ఆమెకు రెండు ఫిర్యాదులు అంటగట్టింది. ఒకటి పైపు పగిలిందని, ఇంకొకటి మూడు రోజులుగా కుళాయిలో చుక్క లేదని. బల్ల అంచు పట్టుకుని ఆమె ఒరిగిపోతుంటే పక్క సీటులోని కళ్లజోడక్క ఒక్క ఉదుటున లేచి నడుము పట్టుకుంది. హాలంతా లేచింది. మేనేజరు గాజు గదిలోంచి తల బయటపెట్టి, "ఒక్కరు చాలు! మిగతావాళ్లు కూర్చోండి!" అని అరిచాడు. వాడూ ఒక తల్లి కన్న బిడ్డేనట!

నీటి సరఫరా ఫిర్యాదులు తీసుకునే కాంట్రాక్టు ఆఫీసు అది. పదకొండు సీట్లు. కొత్త ఫిర్యాదు రాగానే సిస్టం దానంతటదే వరసలో తరవాతి మనిషి పేరు మీద వేస్తుంది. నీకొకటి, నాకొకటి, అందరికీ అయ్యాక మళ్లీ మొదటికి. సీటు వదిలేవాళ్లు "సీటులో లేను" అన్న బటన్ నొక్కితేనే వంతు వాళ్లను దాటి పోతుంది. ఎవరి బటన్ వాళ్లే నొక్కాలి, లేదంటే మేనేజరు నొక్కాలి. పెండింగ్ యాభై దాటిందా, ఉద్యోగం పోయిందన్న ఉత్తరం సిస్టమే అచ్చు వేస్తుంది. నొప్పులతో మెలికలు తిరుగుతున్న పిల్ల బటన్ ఎక్కడ నొక్కుతుంది?

"మీరైనా నొక్కండి సార్," అని ఆ సాయంత్రమే అక్క వెళ్లి అడిగింది.

"సెలవు చీటీ ఏదీ?"

"పురిట్లో ఉంది సార్!"

"సిస్టానికి పురుడూ తెలీదు, పెళ్లీ తెలీదమ్మా. దానికి అందరూ సమానమే. వంతులు కావాలని గోల చేసింది మీరేగా?"

ఆ గోల మొదలుపెట్టింది అక్కే. గిట్టనివాళ్లకు కష్టమైన ఫిర్యాదులు అంటగడుతున్నాడని, నిరుడు వీడి మీదే అందరి చేతా సంతకాలు పెట్టించింది ఆమే. సిస్టం వచ్చిన రోజు ముందుగా చప్పట్లు కొట్టిందీ ఆమే. ఆ రోజు వీడు ఛాతీ విరుచుకుని, "సీట్లలో ఎవరూ లేకపోతే అన్నీ నా పేరు మీదకే వస్తాయి. యాభై రూలు నాకూ ఉంది. నేనూ మీలో ఒకణ్ణే!" అన్నాడు. నమ్మారు పిచ్చి జనం.

మూడో రోజు పొద్దున ప్రింటరు గరగరమంటూ చిన్నదాని ఉత్తరం కక్కింది. మంచాన పడ్డ మొగుడు, రెండు రోజుల ఆడపిల్ల, ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే జీతం. అదీ పోయింది.

మధ్యాహ్నం అన్నాల వేళ మిగిలిన పదిమందీ మెట్ల కింద చేరారు.

"తలా ఐదు మనమే చూసేస్తే పోయేది," అంది ఒకామె ముక్కు చీదుతూ.

"ఇంకొకరి పేరు మీద ఉన్నది తెరిస్తే ఇద్దరినీ తీసేస్తారుగా!" అన్నాడు లెక్చరు. నోరు తెరిస్తే యూనియన్ కబుర్లే చెబుతాడని అతనికా పేరు. "అర్జీ రాద్దాం."

"నీ అర్జీ తగలెయ్య!" అంది అక్క. "నిరుడు రాసి ఏం బావుకున్నాం? వాడి చేతిలో కర్ర తీసి మిషను చేతికిచ్చాం. కర్ర వాడిదే, వీపు మనదే. ఇప్పుడందరం ఒక్కసారే బటన్ నొక్కి లేద్దాం. వంతు ఎవరికి పోతుందో చూద్దాం."

"వాడి పేరు మీదకేగా!" లెక్చరు పగలబడి నవ్వాడు.

"మరి నీళ్లు రాని జనం అక్కా?" అంది ముక్కు చీదినామె.

"జనం రోజూ మనల్ని తిడుతున్నారు. ఇవాళ తిట్టాల్సినవాణ్ణి తిట్టనీ."

రెండు గంటలకు పది బటన్లు నొక్కారు. పది కుర్చీలు వెనక్కి జరిగాయి. గోడ మీది తెరలో పది పేర్లూ ఎర్రబడి, ఒక్క పేరు పచ్చగా మిగిలింది. అది మేనేజరుది, వరసలో ఆఖరి పేరు, దానికి బటనే లేదు. గాజు గదిలో ఫోను మోగింది. పెట్టేలోపు మళ్లీ మోగింది. తెర మీద పెండింగ్ ఇరవై దాటేసరికి మేనేజరు బయటికి ఉరికాడు.

"కూర్చోండి! పోలీసుల్ని పిలుస్తా!"

"చిన్నదాన్ని పనిలోకి తీసుకున్నట్టు రాసివ్వు. కూర్చుంటాం." సార్ అన్న మాట అక్క నోట్లోంచి ఎప్పుడో పోయింది.

"సిస్టం తీసేస్తే నేనేం చెయ్యను?"

"అయితే నీ సంగతీ సిస్టమే చూసుకుంటుంది."

నలభై దగ్గర పోలీసులొచ్చారు. అక్క రెక్క విరిచి పట్టుకుంటే కళ్లజోడు కిందపడి పగిలింది. "కూర్చోకపోతే ఒక్కొక్కరినీ ఈడ్చుకుపోతాం!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

లెక్చరు ముందుకొచ్చాడు. "ఈడ్చుకుపోండి. ఎవరు పోయినా సీటులో లేనట్టేగా!"

పోలీసులు కిందికి దింపుతుంటే, కళ్లజోడు లేక అక్కకు మెట్లే కనపడటం లేదు. మలుపులో ఆగి కేకేసింది. "ఎంతయిందర్రా?"

"యాభై!" తొమ్మిది గొంతులు ఒక్కసారే. గాజు గదిలో ఫోను మోగింది. "యాభై ఒకటి!"

ప్రింటరు గరగరమంది. పై అంతస్తు కరెంటు ఫిర్యాదుల వాళ్లు రెయిలింగు మీదికి వంగి చూస్తున్నారు. వాళ్లకూ ఇదే సిస్టం, ఇదే యాభై.

"ముందు లేవాలా, బటన్ నొక్కాలా అక్కా?" అని అడిగింది వాళ్లలో ఒకామె.

"నొక్కి లేవండి!" అని అరిచింది అక్క.