బోనులో సన్యాసమ్మ

లాయరు గణపతిరావు నల్లకోటు విప్పి మేకుకు తగిలించి కథలు రాయడం మొదలుపెట్టాక, చోడవరంలో ఆయనకు అంతకుముందు లేని పేరొచ్చింది. వాదించినన్నాళ్లూ గెలిచిన కేసులు తక్కువ. ఓడినవే కథలయ్యాయి. ఇంగ్లండులో ఎవరో లాయరు ఇలాగే కోర్టు మానేసి, అక్కడి జడ్జీలనీ ప్లీడర్లనీ తలుచుకుని పొట్ట చెక్కలయ్యే పుస్తకాలు రాశాడట. అవి చదివే తనకీ బుద్ధి పుట్టిందని ఆయన అందరికీ చెబుతుంటాడు.

ఆ కథల్లో జనానికి బాగా నచ్చింది బోనెక్కిన ఆడమనిషి కథ. అది పెదబాబు పెళ్లాం సన్యాసమ్మది.

వడ్డాది దగ్గర చెరకుచేను గట్టు కోసం పెదబాబుకీ పక్కచేను వాళ్లకీ తగువు. సన్యాసమ్మ సాక్షి. వాయిదాకి ముందురోజు, వాళ్ల తరఫు లాయరైన గణపతిరావు ఆమెను కోర్టు వెనక టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"సూడమ్మా, నేనడిగినప్పుడు గట్టు సంగతి సెప్పు. ఎదర లాయరు మాత్రం ఏటడిగినా తెల్దు బాబూ అను. ఆడు తియ్యగా అడుగుతాడు, పడిపోకు."

సన్యాసమ్మ ఆ మాట దారిపొడుగునా నెమరువేసుకుంది. మర్నాడు బోనెక్కింది. ఎదర లాయరు నిజంగానే తియ్యగా అడిగాడు.

"అమ్మా, నీ మొగుడి పేరేటి?"

మొగుడి పేరు నోటితో పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని ఆమెకు తల్లి నేర్పింది. పాఠమేమో లాయరు నేర్పాడు. రెండూ వచ్చి ఒక్కచోటే కలిశాయి.

"తెల్దు బాబూ."

"పోనీ, అదిగో ఆ తలుపు కాడ నిలబడ్డాడు, ఆయనెవరు?"

"తెల్దు బాబూ."

"మరి నీ పిల్లలు ఎవరికి పుట్టేరమ్మా?"

"తెల్దు బాబూ."

కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వనివాడు పెదబాబు ఒక్కడే.

గట్టు పోయింది. వడ్డాదిలో బస్సు దిగాక ఆమె, "తప్పు సెప్పేనేటి?" అంది.

"గట్టుదేటుందే, మట్టి" అన్నాడు పెదబాబు.

వాళ్లిద్దరి మధ్యా అది అంతటితో అయిపోయింది. ఊరికి అవలేదు. ఆమె పేరు తెల్దమ్మ అయి కూర్చుంది. నీళ్లకెళ్తే, "ఒసే తెల్దమ్మా, అదిగో ఎవరో వస్తన్నాడు, ఎరుగుదువా?" అనేవారు. నవ్వేసేది. నవ్వేసేది గానీ, ఆ తర్వాత ఏ పెళ్లిలోనూ ముందు వరసలో కూర్చోలేదు.

మొన్న వానల్లో పోయింది.

ఇప్పుడు ఆ కథని చోడవరంలో నాటకం కట్టి ఆదివారం ఆడుతున్నారు. పెదబాబు మనవరాలు గౌతమి కబురు తెచ్చింది, పుస్తకమూ తెచ్చింది. తాతకు చదివి వినిపిస్తూ, ఒకచోట నవ్వాపుకోలేక పుస్తకం మూసేసి, "మామ్మని కాదు తాతా" అంది. పెదబాబు మూతి కూడా కదిలింది. అంత బాగా రాశాడు లాయరు. అదే అతనికి కష్టంగా ఉంది. బాగోకపోతే జనం మరిచిపోదురు.

తువ్వాల్లో బెల్లం అచ్చు కట్టుకుని అతను గణపతిరావు ఇంటికెళ్లాడు.

"రావయ్యా పెదబాబూ, ఎన్నాళ్లకి! సన్యాసమ్మ బాగుందా?"

"పోయింది బాబూ."

గణపతిరావు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. కాసేపు తుడిచాడు. "నాకెవరూ సెప్పలేదయ్యా" అన్నాడు.

"బాబూ, ఆ నాటకంలోంచి దాన్ని తీసెయ్యండి."

"పేరు మార్చేను కదా. అందులో ఉన్నది అప్పలనరసమ్మ."

"పేరు మార్సేరు. మాట మార్సనేదు. మా ఊరోళ్లు ట్రాక్టరు కట్టుకుని మరీ వస్తన్నారు సూడ్డానికి."

"ఆవిణ్ణి తీసేస్తే ఇంక నాటకమేదీ? కుర్రాళ్లు రిహార్సలు కూడా అవగొట్టేరు." ఆయన గొంతు తగ్గింది. "ఎగతాళికి రాయలేదయ్యా. నా మాట జవదాటని సాక్షి నా మొత్తం ప్రాక్టీసులో ఆవిడొక్కతే. అదే రాద్దామని కూర్చున్నాను. రాస్తంటే నవ్వు దూరింది. అది దూరితే మరి మన మాట వినదు."

పెదబాబు బెల్లం అచ్చు బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఒక పని చేద్దాం" అన్నాడు గణపతిరావు. "ఆఖరు నాకూ నచ్చలేదు. జనం నవ్వుతానే లేచి పోతారు. సివర్న గుండె పట్టే ముక్క ఒక్కటి కావాల. అదుంటే ఇంకెవడూ ఆవిణ్ణి సూసి నవ్వడు. కళ్లొత్తుకుని ఇంటికి పోతాడు. నువ్వు సెప్పు. ఎప్పుడైనా, ఒక్కసారైనా, నీ పేరు పలికిందా?"

కలం మూత తీశాడు.

పెదబాబు నేలచూపు చూశాడు. అనకాపల్లి ఆసుపత్రిలో ఆ ఆఖరి పొద్దున్న సన్యాసమ్మ ఎవర్నీ పోల్చుకోవడం లేదు. కొడుకు పిలిచినా, గౌతమి పిలిచినా కళ్లు పైకప్పు మీదే. నర్సమ్మ వచ్చి పెదబాబు భుజం మీద చెయ్యేసి, "ఈ తాతెవరమ్మా?" అనడిగింది. సన్యాసమ్మ చాలాసేపు చూసింది. తర్వాత, చేనుకి ఆ చివర ఉన్న మనిషిని కేకేసినట్టు, "పెదబాబు" అంది. నర్సమ్మ పక్కమంచానికి వెళ్లిపోయింది. అతను వంగి, "ఇంకోపాలి అను" అన్నాడు. అనలేదు. ఆయుష్షు తగ్గింది అతనిది కాదు.

ఇది చెబితే చాలు. ఆదివారం ఊరి నోళ్లు మూతపడతాయి. తెల్దమ్మ పేరు పోతుంది. కానీ ఆ పిలుపుని రంగు పూసుకున్న ఆడపిల్ల ఎవరో దీపాల కింద అంటుంది. జనం చప్పట్లు కొడతారు. రేపు నాటకం అనకాపల్లి వెళ్తే అక్కడా అంటుంది, మళ్లీ కొడతారు. అతను విన్నది ఒక్కసారే.

గణపతిరావు కాగితం మీద కలం ఆనించి ఎదురుచూస్తున్నాడు.

"తెల్దు బాబూ" అన్నాడు పెదబాబు.

పాత అలవాటు కొద్దీ ఆయనకు నవ్వొచ్చింది. తలెత్తి పెదబాబు మొహం చూశాక అది సగంలోనే ఆగిపోయింది. కలానికి మూత పెట్టేశాడు.

ఆదివారం ట్రాక్టరు వెళ్లింది, బాగా పొద్దుపోయాక తిరిగొచ్చింది. పెదబాబు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. గౌతమి దిగి అతని పక్కన చేరింది.

"నవ్వేరా?" అనడిగాడు.

"బాగా నవ్వేరు తాతా." ఆ పిల్ల తల దించుకుంది.

"నవ్వనీ" అని పెదబాబు లేచి, దూడకి గడ్డెయ్యడానికి వెళ్లాడు.