ఉప్పలమ్మ ఇంటి వెనకగోడ

మా కొత్తింట్లో నేలకు టైల్స్ ఉన్నాయి. స్నానాల గదికి తలుపుంది, తలుపుకు గడియ ఉంది. పెళ్లయి కోదాడ నుంచి ఈ సూర్యాపేటకు వచ్చిన నాటి నుంచి నేను దేవుణ్ణి అడిగింది ఆ గడియ ఒక్కటే. ఇచ్చాడు, కాదనను. అయినా పొద్దున్నే లేచి వాకిలి తలుపు తీస్తానా, నా ముక్కు పాత వాసన కోసం వెతుక్కుంటుంది. తడిమట్టి, పేడ, అరుగుకు పూసే ఎర్రమన్ను జాజు కలిసిన వాసన. ఉన్నన్నాళ్లూ దాన్ని తిట్టుకున్నదాన్ని నేనే. ఇప్పుడు దానికోసం బెంగపడుతున్నదాన్నీ నేనే.

పాతిల్లు మట్టిగోడలది, పైన గూనపెంకులు. మా మామ తన చేతులతో కట్టిన ఇల్లట. నేను కాపురానికి రాకముందే ఆయన పోయాడు. మా అత్త ఉప్పలమ్మ ఆ ఇంటిని ఆయన మీద అలిగినట్టే అలిగి, ఆయనకు వడ్డించినట్టే వడ్డించి చూసుకునేది. గోడలకు సున్నం, అరుగుకు ఎర్రటి జాజు, జాజు మీద సుద్దతో తెల్లని గీతలు, గడపకు పసుపు. తెల్లవారేసరికి వాకిట్లో పేడనీళ్లు చల్లి ముగ్గు పెట్టాల్సిందే. ఆ నీళ్లు చల్లడాన్ని మా కోదాడలో కళ్లాపి అంటాం, అత్త సాన్పి అంటుంది. "మీ ఆంధ్రమాటలు గీడ నడవయి పిల్లా" అని నన్ను ఆటపట్టించేది. కోదాడ ఆంధ్రాలో లేదని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు.

ముందు నుంచి చూస్తే ఆ ఇల్లు పెళ్లికూతురు. వెనక సంగతి వేరు. ఒక పెద్ద వానాకాలంలో వెనకగోడ నాని, కడుపుతో ఉన్నదానిలా గదిలోకి ఉబ్బింది. పై నుంచి కింది దాకా పగులు. మా ఆయన వేణు రెండు తాటిగుంజలు తెచ్చి పోటు పెట్టాడు. ఆ పగులులోంచి పక్కింటి కోడి మా ఇంట్లోకి వచ్చి గుడ్డు పెట్టి పోయేది. అత్త ఆ గోడకు అడ్డంగా పాత చీర కట్టి, చీర ముందు వడ్ల గుమ్మి జరిపి పెట్టింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అది మా ఇల్లే.

వేణు మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని చేస్తాడు, ఆదివారం తప్ప ఇంటికి రాడు. వాన పట్టిందంటే నేను నా కూతురు జ్యోతిని ముందు గదిలోకి లాక్కుని పడుకునేదాన్ని. ఎక్కడ ఏ మట్టిబెడ్డ రాలినా లేచి కూర్చునేదాన్ని. ఆ గోడ ఏదో ఒకనాడు మా మీద పడుతుందని నాకు తెలుసు. అత్తకూ తెలుసు. ఆమె నోటితో మాత్రం ఎప్పుడూ అనలేదు.

అట్లా ఉండగా మున్సిపాలిటీకి కేంద్రం నుంచి గ్రాంటు వచ్చిందని వీధుల్లో మైకు తిరిగింది. గ్రాంటు వచ్చిందంటే అందరికీ వచ్చినట్టు కాదు. అందులో కొంత మురుగునీటి మోరీలకు, కొంత నీళ్ల పైపులకు, కొంత ఇళ్లకు. ఇళ్ల వాటాను మళ్లీ వార్డుల వారీగా పంచుతారు. మా వార్డుకు వచ్చేవి కొన్నే, అడిగేవాళ్లు వీధి నిండా. అందుకని ఎవరి ఇల్లు ఎక్కువ పాడైతే వాళ్లకు ముందు. ఆఫీసు నుంచి మనిషి వచ్చి, ఇంటావిణ్ణి ఇంటి ముందు నిలబెట్టి ఫోన్లో ఫోటో తీసుకుని, గోడకు ఇన్ని, కప్పుకు ఇన్ని అని మార్కులు వేస్తాడు. ఇల్లు ఎంత పాడైతే అన్ని మార్కులు. ఏ బడిలోనూ లేని లెక్క.

మా వార్డు ఆఫీసరు నాగేందర్ వచ్చే నాటికి నేను కోదాడలో ఉన్నాను, మా తమ్ముడి కొడుకు పుట్టువెంట్రుకలకు వెళ్లి. తిరిగొచ్చి వీధి మలుపు తిరగగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఇల్లు తెల్లగా మెరిసిపోతోంది. అరుగు మీద జాజు ఇంకా తడి ఆరలేదు. వాకిలి నిండా పండక్కి కూడా పెట్టనంత పెద్ద ముగ్గు.

"సారొచ్చి పోయిండు" అంది అత్త, ముఖం వెలిగిపోతుండగా. "అరుగు మీద కూసోబెట్టి చాయ్ పోసిన. ఇల్లు మస్తుగున్నదమ్మా అన్నడు."

"వెనక గోడ చూపించావా అత్తమ్మా?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఇంటికొచ్చినోళ్లకు ఎవలన్న ఎనుకగోడ సూపిస్తరా పిల్లా? మీ కోదాడల సూపిస్తరా?"

నాకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? ఇంటికి మనిషి వస్తున్నాడంటే అలికి ముగ్గు పెట్టడం ఆమెకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఆ వచ్చేవాడు ఇల్లు ఎంత చెడిపోయిందో చూడ్డానికి వస్తున్నాడన్న మాట ఆమె తలకెక్కలేదు.

తర్వాత వార్డు సభ పెట్టారు, కమ్యూనిటీ హాల్లో. తెర మీద ఒక్కొక్కరి ఇంటి ఫోటో వేసి, పేరు చదివి, అభ్యంతరాలు అడుగుతున్నారు. ముందు వరసలో పాండురంగం సేటు కూర్చున్నాడు. ఆయనకు వడ్ల వ్యాపారం, మిల్లు ఉన్నాయి. ఇళ్ల సంగతి తర్వాత, ముందు తన దుకాణం ముందు మోరీ సంగతి చూడమని ఆయన గొడవ. కూలిన గోడలు, పరదాలు కప్పిన కప్పులు తెర మీద ఒకటొకటే పోతున్నాయి. ఉన్నట్టుండి మా ఇల్లు వచ్చింది. అంత పెద్ద తెర మీద జాజు, సుద్ద గీతలు, ముగ్గు, మధ్యలో పట్టుచీర కట్టుకుని మా అత్త.

హాలంతా "అబ్బ" అంది.

"గిది ఇల్లు అడిగేటోళ్ల ఇల్లా, ఇల్లు ఇచ్చేటోళ్ల ఇల్లా?" అన్నాడు పాండురంగం సేటు. అందరూ గొల్లున నవ్వారు.

మా అత్త కూడా నవ్వింది. కొంగు భుజం మీదికి లాక్కుని అటూ ఇటూ చూసి, తన ఇంటిని అందరూ మెచ్చుకుంటున్నారని మురిసిపోయింది. తెర మీద మా పేరు జాబితా అడుక్కి జారిపోవడం నేను చూశాను, ఆమె చూడలేదు.

నేను లేచి నిలబడి గొంతు చించుకున్నాను. వెనకగోడ పడిపోతోందని, పసిపిల్ల ఉందని, ఇంకోసారి వచ్చి చూడాలని అడిగాను. నాగేందర్ మంచివాడే. మళ్లీ వస్తానన్నాడు. హాలు బయట నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "అక్కా, ఈసారి ఉన్నదున్నట్టు ఉంచుండ్రి. సున్నం వద్దు, జాజు వద్దు. ఎప్పుడొస్తనో నాకే తెల్వది."

దారిలో అత్త హుషారుగా నడుస్తోంది. "అందరికి నచ్చింది గదా, ఇగ మనకే వస్తది" అంది. మన పేరు జాబితా అడుక్కి పోయిందని అప్పుడు చెప్పాను. ఆమె నడక నెమ్మదించింది.

ఆ మర్నాటి నుంచి నేను పోలీసునయ్యాను. జాజు పొట్లం, సుద్ద, ముగ్గు డబ్బా అన్నీ నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. సాన్పి లేదు, ముగ్గు లేదు. వాకిట్లో ఎండుటాకులు దొర్లుతున్నాయి. అత్త చిన్నపిల్లలా నా మాట విని, వాకిలికి వీపు తిప్పి కూర్చునేది. పాలతను కూడా "ఇంట్లో ఏమైనా అయిందా అమ్మా?" అని గొంతు తగ్గించి అడిగి పోయాడు. ముగ్గు లేని వాకిలి అంటే ఇంట్లో ఎవరో పోయారని కదా మనకు లెక్క.

ఒక మధ్యాహ్నం వీధి చివర నుంచి ఏడుపు వినిపించింది. అత్త చెల్లెలు చంద్రమ్మ. పెన్‌పహాడ్ నుంచి సూర్యాపేట అంగడికి వచ్చిన వాళ్లెవరో మా వాకిలి చూసి, ఊళ్లో చెప్పారట. ఆవిడ బస్సు దిగింది మొదలు గుండెలు బాదుకుంటూ వచ్చి, అరుగు మీద పడింది. "ఓ అక్కా, నన్నిడిసి పోతివా అక్కా!"

అత్త గడపలోకి వచ్చి నిలబడింది. "నేను బతికే ఉన్ననే. ఏడ్వకు, లోపలికి రా."

చంద్రమ్మ ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూసింది. నాకు నవ్వు ఆగలేదు. అంతలో అత్త ముఖం చూశాను. నవ్వు అక్కడే చచ్చిపోయింది.

"మీ మామ పోయిన నాడు తప్ప గీ వాకిలి గిట్ల ఎన్నడు లేదు" అంది నాతో.

చంద్రమ్మను బస్సెక్కించి వచ్చాక ఇద్దరికీ పెద్ద గొడవైంది.

"ఇల్లు రాకుంటె రాకపాయె. బతికున్న ఇంటిని సచ్చిందని సూపియ్య" అంది అత్త.

"ఆ గోడ జ్యోతి మీద పడితే అప్పుడు ముగ్గు పెట్టుకుందువుగాని!" అన్నాను నేను.

అనకూడని మాటే. కాని నా భయం అది. అత్త లేచి లోపలికి పోయింది. వేణుకు ఫోన్ చేస్తే, అమ్మకు "నువ్వన్నది నిజమే" అన్నాడు, నాకు "నువ్వన్నదే నిజం" అన్నాడు. మిర్యాలగూడలో ఉండి ఎన్నైనా అనొచ్చు.

రెండు రోజులకు తెల్లారేసరికి ఆ వాసనే నన్ను లేపింది. పెట్టె తాళం అట్లాగే ఉంది. అత్త కొట్టుకు పోయి కొత్త జాజు, కొత్త సుద్ద కొనుక్కొచ్చింది. బయటికొచ్చి చూస్తే ఇల్లు మళ్లీ పెళ్లికూతురు. నేను గడపలో కూలబడి ఏడ్చాను. కొత్తిల్లు, గడియ, గోడ భయం లేని వానాకాలం, అన్నీ ఆ ముగ్గులో కలిసిపోయాయనుకున్నాను.

జాజు రంగు తగ్గకముందే నాగేందర్ వచ్చాడు. బండి ఆపి అరుగు చూశాడు, ముగ్గు చూశాడు, తల గోక్కున్నాడు. "ఏందమ్మా ఇది? చెప్పి పోతిని కదా."

"జర లోపలికి రా బిడ్డా" అంది అత్త.

చాయ్ పొయ్యలేదు, కూర్చోమనలేదు. నేరుగా వెనక గదికి తీసుకుపోయింది. నేను చెయ్యి వెయ్యబోతే వద్దంది. గుమ్మిని తనే పక్కకు జరిపింది, రొప్పుతూ. తర్వాత చీర పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పగులులోంచి ఎండ వచ్చి గదిలో పడింది. ఉబ్బిన గోడ, వంగిన గుంజలు, రాలిన మట్టికుప్ప. నడివీధిలో కొంగు జారినంత సిగ్గు ఆమె ముఖంలో. ఇన్నేళ్లలో ఆమెను అట్లా ఎప్పుడూ చూడలేదు.

"ముంగట నా ఇజ్జత్, అది నేనిడువ. గిది నా బతుకు. ఫోటో గీడ తియ్" అంది.

నాగేందర్ ఫోన్ తీశాడు. ఇంటావిడ ఫోటోలో ఉండాలన్నాడు, మెల్లగా. అత్త ఆ గోడ ముందుకు వెళ్లి తల వంచుకుని నిలబడింది. పోయి ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది. ఫోటోలో ఒక్కరే ఉండాలట. నేను తలుపు దగ్గరే ఉండిపోయాను.

ఆ ఫోటోతోనే ఇల్లు మంజూరైంది. పాతిల్లు తీసేసే నాడు జేసీబీ వచ్చింది. వెనకగోడ అది తగలకముందే కూలింది. ముందుగోడ మాత్రం ఓ పట్టాన పడలేదు. "మీ మామ కట్టిండు కదా" అంది అత్త, కొంగు నోట్లో పెట్టుకుని. ఇల్లు మట్టికుప్ప అయ్యాక నాకు తట్టింది, మా దగ్గర ఆ ఇంటి ఫోటో ఒక్కటి లేదు. మనుషులవి ఉన్నాయి, పెళ్లివి ఉన్నాయి. ఇంటికి ఫోటో ఎవరు తీస్తారు?

కొత్తిల్లు పూర్తయ్యాక మున్సిపాలిటీ ముందు ఫ్లెక్సీ కట్టారు. "అప్పుడు, ఇప్పుడు" అని. ఇప్పుడు కింద మా కొత్తిల్లు. అప్పుడు కింద ఆ వెనకగోడ, దాని ముందు తల వంచుకున్న మా అత్త. నల్లా బిల్లు కట్టే ప్రతివాడూ చూసే చోట. అది చూసొచ్చిన నాడు అత్త అన్నం తినలేదు. నేను ఊరుకుంటానా, నేరుగా నాగేందర్ మీదికి పోయాను.

"ఆ ఫోటో తీసెయ్యండి. మొదట తీశారే, ముగ్గు ఉన్నది, అది పెట్టండి."

"అక్కా, అది పెడితే గింత మంచి ఇల్లు ఎందుకు కూలగొట్టిన్రని జనం మమ్ములను అడుగుతరు."

నాకు కోపంలోనే నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లలో నీళ్లొచ్చాయి. అతను ఫోన్ తీసి వెతికాడు. మొదటి ఫోటో అతని దగ్గరే ఉంది. "మా అమ్మ గూడ గిట్లనే జాజు పెడుతుండె. అందుకే తీసెయ్యబుద్ధి కాలే" అని నా ఫోన్‌కు పంపాడు. ఫ్లెక్సీని కూడా ఆ వారంలోనే తీయించాడు.

మాకు ఇల్లు రాకుండా చేయబోయిన ఫోటో అది. దాన్నే పెద్దగా చేయించి, కొత్తింటి హాల్లో గోడకు పెట్టాను. అత్త రోజూ దాన్ని కొంగుతో తుడుస్తుంది. టైల్స్ మీద ముగ్గు నిలవదని గొణుగుతూ గడప ముందు ఇంత చోట మట్టి పరిపించుకుంది. అక్కడ అలికి ముగ్గు పెడుతుంది. వాసన కొద్దిగా వస్తుంది, పాతింటంత కాదు.

గృహప్రవేశానికి పాండురంగం సేటు కూడా వచ్చాడు. పాయసం గిన్నె పట్టుకుని ఫోటో ముందు నిలబడ్డాడు. తను నవ్విన ఇల్లే అది, గుర్తు పట్టలేదు; చూపంతా ముగ్గు మీదే, మధ్యలో నిలబడ్డ అత్తను కూడా చూడలేదు.

"ఇదెవలిల్లు ఉప్పలమ్మా? గింత ముచ్చటగున్నది."

అత్త ఆయన గిన్నెలో ఇంకో గరిటె పాయసం పోసింది.

"మాదే సేటూ" అంది. "ఎనుకగోడ జర బాగలేకుండె."