వెలిసిన జెండా

ఇంటికి తాళం వేసి నాలుగడుగులు వెళ్ళి, వెనక్కొచ్చి దాన్ని లాగి చూసి, మళ్ళీ వీధి మలుపు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కూడా ఒకసారి తలుపు వైపు చూసుకునే మనిషిని ఏమనాలి? ఆ వీధివాళ్ళు 'తాళం' అన్నారు. అసలు పేరు భార్యకు తప్ప ఎవరికీ గుర్తులేనంతగా ఆ పేరు అతనికి అతుక్కుపోయింది. అతనూ ఏమీ అనుకునేవాడు కాదు. "తాళం సరిగ్గా పడకపోతే ఇల్లు గుల్లవుతుంది గానీ, పేరు పెడితే నాకేం పోతుంది?" అని నవ్వేసేవాడు.

అలాంటి మనిషి విషం పట్టిన పాయలోకి దిగి, ఆల్చిప్పలు ఏరుకొచ్చి, తిని చచ్చిపోయాడు. అదీ గట్టున జెండా ఎగురుతుండగా దిగాడు. ఎందుకు దిగాడో రేపు పొద్దున మత్స్యశాఖ ఆఫీసులో అతని భార్య చెప్పాలి. నిజం చెబితే తమ్ముడి ఉద్యోగం పోతుంది. అబద్ధం చెబితే మొగుడి పేరు పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కప్పా లేదు, పామూ లేదు, ఇద్దరూ ఆమెవాళ్ళే. అదీ ఆమె ఖర్మ.

సముద్రపు నీళ్ళు వచ్చిపోయే ఆ పాయలో ఒక్కో కాలంలో కంటికి కనపడని నాచు పుడుతుంది. ఆల్చిప్పలు దాన్ని తింటాయి, వాటికేమీ కాదు. వాటిని తిన్న మనిషికి ముందు పెదాలు తిమ్మిరెక్కుతాయి, తర్వాత ఊపిరి అందదు. ఎంత ఉడికించినా ఆ విషం పోదు, వాసనకూ తెలియదు. అందుకని ప్రభుత్వం ఒక మనిషిని పెట్టింది. అతను ఆల్చిప్పలు పరీక్షకు పంపుతాడు, విషముందని తేలితే గట్టున ఎర్రజెండా పాతుతాడు, పోయిందని తేలితే పీకేస్తాడు. ఆ మనిషి ఈమె తమ్ముడే. తల్లి పోయాక ఈమె చంకనేసుకుని పెంచిన తమ్ముడు. శాఖవాళ్ళు గుడ్డ ఇస్తారు గానీ కుట్టు మాట ఎత్తరు కాబట్టి, ఆ జెండాలకు అంచులు కుట్టేది కూడా ఈమే.

పాతడం వరకూ బాగానే జరిగేది. పీకడం దగ్గరే వచ్చేది చిక్కంతా. అంత పొడుగు తీరానికి ఒక్కడే మనిషి, ఒక్కటే సైకిల్. పాయ బాగుపడిందని కాగితం వచ్చి ఎన్నాళ్ళయినా జెండా అక్కడే ఎండకు ఎండి, వానకు తడిసి, ఎరుపు పోయి, గులాబీ పోయి, చివరికి పాత తువ్వాలులా వేలాడుతూ ఉండేది. జనం కొన్నాళ్ళు ఆగి, ఆకలి ఆగనివ్వక దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒకసారి అక్క ఇంట్లో భోంచేస్తూ తమ్ముడే నవ్వుతూ చెప్పాడు.

"వెలిసిపోయిందంటే అది మేం మర్చిపోయిన జెండా అక్కా. దాన్ని చూసి ఆగక్కర్లేదు. ఎర్రగా ఉన్నదానికే భయపడండి."

"నీ మాట నమ్మొచ్చా?" అన్నాడు తాళం, ముద్ద నోటి దగ్గరే ఆపి.

"నేను పాతే జెండా సంగతి నాకు తెలీదా బావా!"

ఆ మాట ఆ వంటగదిలోంచి వీధిలోకి, వీధిలోంచి పాయ పొడుగునా పాకింది. ప్రభుత్వం చేసిన చట్టమైనా అంత త్వరగా జనంలోకి పోదు.

తాళం పోయిన వారం పరీక్షలో విషం తేలింది. కబురు రాగానే తమ్ముడు స్టోరుకు పరిగెత్తాడు. గుడ్డ లేదన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పైవాళ్ళు మంజూరు చేసినా స్టోరువాడి చెయ్యి లేవలేదు. ఏదీ లేకపోవడం కంటే ఏదో ఒకటి నయమని షెడ్డులో పడున్న పాత జెండా దులిపి, దాన్నే కట్టొచ్చాడు. కొత్త గుడ్డ రాగానే మారుద్దామనుకున్నాడు. అక్క ఇంట్లో తనన్న మాట ఆ తొందరలో గుర్తే రాలేదు, మంచిపనే చేశాననుకున్నాడు పాపం.

రోజూ అందరికంటే ముందు పాయకు వెళ్ళేది తాళమే. మర్నాడూ వెళ్ళాడు, జెండా చూశాడు, దిగలేదు. వెనక్కి ఇంటికొచ్చాడు. ఆమె పొయ్యి దగ్గరుంది.

"ఇదిగో, నిన్న లేని జెండా ఇవాళ ఉంది. కానీ వెలిసిపోయుంది. మీ తమ్ముడు ఏమన్నాడు, వెలిసింది పాతదేననా?"

"అవును, పాతదే. గాలికి ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చుంటే ఎవరో పాతుంటారు. నీళ్ళు తీసేశాయి, మళ్ళీ పోటొచ్చేస్తుంది. వెళ్ళు, తాళం లాగి చూసినట్టు ప్రతిదీ లాగి చూస్తావ్!" అంది ఆమె.

నవ్వుతూనే అంది. అతనూ నవ్వుతూనే వెళ్ళాడు. 

తెచ్చిన ఆల్చిప్పల్లో మొదటి గుప్పెడు తనే ఉడికించుకు తినడం అతని అలవాటు. తిని, పూటంతా ఆగి, తనకేమీ కాలేదంటేనే ఇంట్లో వండనిచ్చేవాడు, అమ్మకానికి పెట్టేవాడు. "తాళం తిన్నాడా?" అని అడిగి గానీ వీధిలో ఎవరూ కొనేవాళ్ళు కాదు. ఆ రోజు అతను తిన్నాడు. మధ్యాహ్నానికి పెదాలు తిమ్మిరిగా ఉన్నాయన్నాడు. గిన్నెలో మిగిలినవి పారబొయ్యమని, చెయ్యి సరిగ్గా లేవకపోయినా సైగ చేసి చూపించాడు. ఆసుపత్రి దారిలో, ఆమె ఒళ్ళోనే పోయాడు. ఆ వీధిలో ఇంకెవరూ పోలేదు. అతని జాగ్రత్త అందరినీ కాపాడింది, అతన్ని తప్ప.

విచారణ ముందురోజు సాయంత్రం తమ్ముడు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

"అక్కా, జెండా వెలిసిపోయుందని చెప్పినా ఫర్వాలేదు. గుడ్డ లేదని స్టోరువాళ్ళే ఒప్పుకున్నారు. కానీ నేను ఆ రోజు భోజనాల దగ్గర అన్న మాట మాత్రం చెప్పకు. జెండా మనిషే జెండాని లెక్కచెయ్యొద్దన్నాడంటే ఇంటికి పంపించేస్తారు. పిల్లల్ని పట్టుకుని ఎక్కడికి పోను?"

"మరి మీ బావ ఎందుకు దిగాడని చెప్పను?"

"చూసుకోలేదని చెప్పు."

"ఎవరు? మీ బావా?"

తమ్ముడు తలొంచుకున్నాడు. "పోయిన మనిషికి పేరుతో పనేముందక్కా" అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆమె లేచింది. అన్నం పెట్టింది. తిన్నాడు. పెంచిన చేతికి వేరే ఏం చెయ్యాలో తెలియలేదు.

ఆఫీసులో విచారణ గది ఇరుకు. ఫ్యాన్ తిరుగుతోంది గానీ గాలి ఎవరికీ తగలడం లేదు. బల్ల వెనక పెద్దాఫీసరు, నెరిసిన జుట్టావిడ. పక్కన టైపు చేసే గుమాస్తా. గోడకు ఆనుకుని తమ్ముడు. అంతకుముందే వీధివాళ్ళను పిలిచి అడిగారు. జెండా గురించి తమకేమీ తెలియదన్నారు వాళ్ళు. రేపు మళ్ళీ పాయలో దిగాలంటే జెండా మనిషితో మంచిగా ఉండాలి కదా, వాళ్ళనీ తప్పుపట్టలేం.

"కూర్చోండమ్మా. ఆ రోజు జెండా ఉందా?"

"ఉందండీ."

"మీ ఆయన చూశారా?"

"చూశాడండీ."

"చూసీ లెక్కచెయ్యకుండా దిగారన్నమాట."

గుమాస్తా వేళ్ళు టకటకలాడాయి. ఆ చప్పుడు వినగానే ఆమెకు ఒళ్ళు మండింది. తలుపు తాళం మూడుసార్లు చూసుకునే మనిషి, తను తిని గానీ ఇంకొకరి పళ్ళెంలో పెట్టని మనిషి, లెక్కలేనివాడిగా ఆ కాగితంలోకి ఎక్కిపోతున్నాడు.

"కాదండీ," అంది. "దిగలేదు. వెనక్కొచ్చాడు. నన్నడగడానికి ఇంటిదాకా వచ్చాడు. జెండా వెలిసిపోయుంది, దిగొచ్చా అనడిగాడు. పాతదే వెళ్ళమని నేనే పంపించాను."

వేళ్ళు ఆగాయి. ఈ సంగతి ఆమె అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికీ చెప్పలేదు.

పెద్దాఫీసరు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "వెలిసిన జెండా పాతదని మీకెవరు చెప్పారమ్మా?"

ఆమె తమ్ముడి వైపు చూసింది. నన్ను చెప్పనివ్వకు, నువ్వే చెప్పు అని చూసింది. ఆమెకు కావలసింది అతని ఉద్యోగం పోవడం కాదు. ఆ ఒక్క నిమిషం తన పక్కన నిలబడితే చాలు. అక్కయ్య తప్పు కాదండీ, నేనే అన్నాను అంటే, ఆ తర్వాత తనే అడ్డం పడి వాణ్ణి కాపాడుకునేది. కాళ్ళు పట్టుకునైనా కాపాడేది. తమ్ముడు తన చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆమె ఇంకాసేపు చూసింది. వాడు తల ఎత్తలేదు.

"ఎవరూ చెప్పలేదండీ," అంది. "మీవాళ్ళు జెండాలు పీకడం మర్చిపోతారు కదా. చూసి చూసి మేమే నేర్చుకున్నాం."

భార్య ఇచ్చిన తప్పుడు సలహా వల్ల ప్రమాదం జరిగిందని రాసి, ఆఫీసు బయట బోర్డుకు అంటించారు. తాళం మీద మాట పడలేదు. ఆమె మీద పడింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి గొంతు తగ్గించేవాళ్ళు. మొగుణ్ణి చేజేతులా చావుకు పంపుకుంది అనుకునేవాళ్ళు. అందులో అబద్ధమేముంది గనక? రోజూ తనూ అనుకునేదే. 

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, శాఖవాళ్ళు ఇకనుంచి ప్రతి జెండాకీ కొత్త గుడ్డే వాడాలని ఉత్తర్వు వేశారు. ఆ గుడ్డ చంకన పెట్టుకుని తమ్ముడు వచ్చాడు. విచారణ అయ్యాక రావడం అదే మొదలు.

"అక్కా... అంచులు కుట్టాలి."

ఆమె అందుకుంది. ఎర్రటి ఎరుపు, కళ్ళు చెదిరేలా ఉంది. మిషను ముందు కూర్చుని, మడత పెట్టి, రెండు వరసలు కుట్టింది. ఎప్పుడూ ఒక వరసే కుట్టేది. వాడు గుమ్మంలోనే నిలబడి ఏడుస్తున్నాడు. చిన్నప్పుడు కిందపడి మోకాలు కొట్టుకున్నప్పుడూ ఇలాగే, చప్పుడు లేకుండా ఏడ్చేవాడు. అప్పుడైతే లేచి వెళ్ళి ఎత్తుకునేది. ఇప్పుడు దారం కొరికి, గుడ్డ మడిచి వాడి చేతిలో పెట్టింది.

"ఇది వెలిసిపోకముందే ఇంకోటి కుట్టించు. మర్చిపోకు."

"తెస్తానక్కా. నేనే తెస్తాను."

"నువ్వు రావద్దు," అంది. "గుడ్డ ఎవరిచేతైనా పంపించు. ఎన్నయినా కుట్టి పంపిస్తాను. నువ్వు మాత్రం రావద్దు."

వాడు గుడ్డ చంకన పెట్టుకున్నాడు. చివరికి వెళ్ళిపోయాడు. ఆమె లేచి తలుపు గడియ పెట్టింది.