పన్నెండిళ్ళ కార్జం

కార్జమంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఎవరింట్లో గొర్రెను కోసినా నా చూపు తొడ మీదికి పోదు, పక్కటెముకల మీదికి పోదు, కార్జం మీదికే పోతుంది. నిప్పుల మీద కాల్చి ఉప్పూకారం అద్దుకుని తింటే ఇంక సంగటి కూడా అక్కర్లేదు. "తిరుపాలమ్మ వస్తాంది, కార్జం దాచిపెట్టండప్పా" అని ఊళ్ళో ఆటపట్టించేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. తిండి దగ్గర సిగ్గేమిటి?

నా కోడలు రామాంజినమ్మకు మాత్రం దాని పేరెత్తితేనే కడుపులో దేవేది. చిలమత్తూరు దిక్కు పిల్ల. మాంసం తినేది, పేగులు తినేది, కార్జం ముట్టేది కాదు. "నోట్లో తుప్పు పెట్టుకున్నట్టు ఉంటాదత్తా" అనేది. కాపురానికి వచ్చిన కొత్తలో తన వంతు నా గిన్నెలోకి తోసేసేది. ఇలాంటి కోడలు ఎవరికి దొరుకుతుందని మురిసిపోయాను.

వరసగా రెండో ఏడు వాన ఎగ్గొట్టినప్పుడు ఆ పిల్ల నీళ్ళోసుకుంది. వేరుశెనగ మొలక మీదే ఎండిపోయింది. నా కొడుకు ముత్యాలప్ప కరువు పనిలో రోడ్డుకు కంకర కొట్టేవాడు. పొద్దున అంబలి, సాయంత్రం సంగటి, అందులోకి ఉప్పూ మిరపకాయా. అయిదో నెలకల్లా పిల్ల సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. లేస్తే కళ్ళు తిరిగేవి. నేను చూడనప్పుడు గోడ మన్ను గిల్లుకుని తినేది. బత్తలపల్లె ఆస్పత్రికి తీసుకుపోయి చూపిస్తే డాక్టరమ్మ కంటి కింది రెప్ప లాగి చూసి, నన్ను కసిరింది.

"ఒంట్లో రక్తమే లేదు. మాత్రలు వేస్తే వాంతి చేసుకుంటోంది. వారం వారం కార్జం పెట్టు. లేకపోతే కాన్పులో నీ కోడలు నీకు దక్కదు."

వారం వారం కార్జం ఎక్కడి నుంచి తెచ్చేది? మా ఊళ్ళో గొర్రెను కోస్తే పన్నెండు పోగులు వేస్తారు. తంగేడు కొమ్మలు పరిచి, ఒక్కో పోగులో ఇంత మాంసం, ఇంత ఎముక, ఇంత పేగు, బొటనవేలంత కార్జం. అది లేకుంటే పోగు పోగే కాదు. నాకు కార్జం ఒక్కటే ఇవ్వండి అని ఎంతటివాడూ అడగకూడదు, అడిగితే కొట్లాటే. మాకు ఆ ఏడు పోగు తీసుకునే తాహతు కూడా లేదు.

అయినా సిగ్గు చంపుకుని ఆదివారం పోయి నిలబడ్డాను. మేత లేక పడిపోతున్న గొర్రెల్ని చచ్చేలోపే కోసేస్తున్న రోజులవి. కోసే కుళ్ళాయప్పకు డాక్టరమ్మ మాట చెప్పాను. అతను కత్తి కింద పెట్టాడు.

"ఏమప్పా, విన్నారా? తిరుపాలక్క కోడలికి నెత్తురు లేదంట. కడుపుతో ఉండే పిల్ల. ఎవురి కార్జం వాళ్ళు ఈ గిన్నెలో ఏసిపోండి. ఇష్టం లేనోళ్ళు ఏయొద్దు."

అందరూ తమ తమ పోగుల వంక చూసుకున్నారు. తర్వాత ఒక ముసలాయన తన పోగులోంచి ముక్క తీసి నా గిన్నెలో వేశాడు. ఆ వెనక అందరూ వేశారు. ఒక పసివాడు కార్జం కావాలని ఏడిస్తే వాళ్ళమ్మ వీపు మీద ఒకటిచ్చి ఈడ్చుకుపోయింది. పన్నెండు ముక్కలూ పడ్డాయి.

ఇంటికి తెచ్చి మిరియాలు నూరి వేయించాను. రామాంజినమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, బయటికి పోయి కక్కేసింది. కళ్ళనీళ్ళతో వచ్చి "నాతో కాదు, నువ్వే తినత్తా" అంది.

బతిమాలాలి కదా. తిట్టాలి, ముక్కు మూసి మింగించాలి. నా కూతురే అయితే చెంప వాయించైనా తినిపించేదాన్ని. నేనేమో "పారేస్తే పాపం" అని గిన్నె నా ముందుకు లాక్కున్నాను. ఎన్నో నెలల తర్వాత నా నోటికి రుచి తగిలింది. ఆకలి అంటారా? ఆకలి అందరికీ ఉంది. కంకర కొట్టి వచ్చిన కొడుక్కి ఒక్క ముక్క మిగల్చలేదు నేను.

ఇలా ఆరు ఆదివారాలు. రెండో వారం నుంచి బలవంతపెట్టడం కూడా మానేశాను. ఒక ముక్క చూపించి "తింటావామే?" అనేదాన్ని. ఆ పిల్ల తల అడ్డంగా ఊపేది. నాకు లోపల సంతోషమయ్యేది. దారిలో ఎవరైనా అడిగితే "తింటాంది, బాగా తింటాంది" అనేదాన్ని.

ఏడో ఆదివారానికి పిల్ల కాళ్ళు వాచిపోయాయి. అరుగు మీద పడుకుని నన్ను పిలిచింది.

"అత్తా, ఈ తూరి తింటాను. ముక్కు మూసుకోనైనా తింటాను. నాకు భయమైతాంది."

"తిందువులే, ఉడకనీ" అన్నాను.

పొయ్యి ముందు కూర్చుని, ఉప్పు సరిపోయిందా అని ఒక ముక్క తిన్నాను. ఉడికిందా అని ఇంకొకటి. ఇంక చాలు అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు, అనుకున్నాను. చేయి ఆగలేదు. అరుగు మీదికి తెచ్చి పెట్టేసరికి గిన్నెలో మూడు ముక్కలున్నాయి.

"ఇంతేనా అత్తా?"

"కరువు గదమ్మీ. ఈ తూరి ఇంతే ఏసినారు."

ముక్కు మూసుకుని మూడూ మింగింది. కక్కలేదు. నన్ను చూసి నవ్వింది కూడా. "వచ్చే వారం ఇంకా తింటా" అంది.

వచ్చే వారం గొర్రెను కొయ్యలేదు. మిగిలిన మందల్ని కాపరులు మేత కోసం కర్ణాటక దిక్కుకు తోలుకుపోయారు. కాన్పు దాకా మా ఊళ్ళో కార్జమన్నది లేదు.

కాన్పయ్యాక నెత్తురు ఆగలేదు. బండి కట్టుకుని బత్తలపల్లెకు బయల్దేరాం. సగం దారిలో, మిట్టమధ్యాహ్నం ఎండలో, నా చేతిలో ఆ పిల్ల చేయి చల్లబడింది. పుట్టిన ఆడబిడ్డ రెండు రోజులు బతికింది. ఆ ముక్కలన్నీ తిని ఉంటే రామాంజినమ్మ దక్కేదా? దక్కేదేమో. డాక్టరమ్మ చెప్పింది అదే కదా, నాకు వినబడక కాదు.

మూడోనాడు రామాంజినమ్మ తల్లి చిన్నక్క వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. ఊళ్ళోవాళ్ళు ఆమెకు అంతా చెప్పేశారు. తిరుపాలమ్మ ఆదివారం ఆదివారం గిన్నె పట్టుకుని నిలబడిందని, ఏ అత్తా కోడలికి అంత చేయదని. కుళ్ళాయప్ప కూడా పక్కనే నిలబడి తల ఊపాడు.

చిన్నక్క వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"కన్నదాన్ని నేను, ఒక్క తునక పెట్టలేకపోతి. పన్నెండిండ్ల కార్జం అడుక్కొచ్చి నా బిడ్డకు తినిపించినావంట గదా వదినా. నీ రుణం యాడ తీర్చుకుందు?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు.

"నా చేతనైంది చేసినాను వదినా" అన్నాను.